రెండోసారి ఎవరు పాడతారు?

సభకు నమస్కారం.

ప్రీమియర్ అనగానే మనకు గుర్తొచ్చేది సినిమాయే. ముందురోజు రాత్రి షో, బయట టపాసులు, లోపల కాగితాల వాన, ఇంటర్వెల్ కాకముందే ఫోన్లలో తీర్పులు. సినిమా ఎలా ఉన్నా మర్నాడు మార్నింగ్ షో మాత్రం పడుతుంది. నేనివాళ చెప్పబోయే ప్రీమియర్ల చిక్కంతా అక్కడే ఉంది. వాటికి మార్నింగ్ షో ఉండదు. చాలా వాటికి రెండో ఆటే ఉండదు.

ఇవాళ్టి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం గురించి మాట్లాడబోతున్నానని చెబితే ఒక మిత్రుడు, "ఇంకా రాస్తున్నారా వాళ్లు?" అన్నాడు. బాఖ్, మొజార్ట్, బేతోవెన్ పటాలు చూసీ చూసీ ఆ సంగీతం రాసినవాళ్లంతా ఎప్పుడో పోయారన్న అభిప్రాయం మనలో స్థిరపడిపోయింది. రాస్తున్నారండీ. ఏటా కొత్త కృతులు వస్తూనే ఉన్నాయి.

అక్కడ పని జరిగే తీరు వేరు. ఒక ఆర్కెస్ట్రానో ఉత్సవ నిర్వాహకులో ముందుగా డబ్బిచ్చి కొత్త కృతి రాయించుకుంటారు. స్వరకర్త నెలలు, ఒక్కోసారి ఏళ్లు కూర్చుని ప్రతి వాయిద్యానికీ ప్రతి స్వరం రాస్తారు. వయొలిన్ వాయించే ఆవిడ ముందున్న కాగితంలో వయొలిన్ పాఠమే ఉంటుంది, పక్కనున్న ఫ్లూటు ఏం వాయిస్తుందో అందులో ఉండదు. మొత్తం చూసేది బృందాన్ని నడిపించే కండక్టర్ ఒక్కరే. రిహార్సళ్లు రెండో మూడో దొరికితే గొప్ప. ఏళ్ల తరబడి తలలో మోసిన శబ్దాన్ని స్వరకర్త మొదటిసారి నిజంగా వినేది ఆ రిహార్సల్లోనే. ఆ టెన్షన్ ఎలాంటిదో పిల్లను అత్తారింటికి పంపినవాళ్లకు కొంత తెలుస్తుంది. పోస్టర్ మీద "ప్రపంచంలో తొలి ప్రదర్శన" అని పెద్దక్షరాల్లో వేస్తారు. చప్పట్లు, పూలగుత్తి, మర్నాడు పేపర్లో నాలుగు పేరాలు. ఆ తర్వాత కాగితాలు బీరువాలోకి వెళ్తాయి. తొలి ప్రదర్శన ఇచ్చామన్న పేరు ఒక ఆర్కెస్ట్రాకు దక్కింది కదా, రెండోసారి వాయిస్తే ఇంకో ఆర్కెస్ట్రాకు ఏం పేరొస్తుంది?

మన వైపు ఈ ప్రశ్నే పుట్టలేదు. త్యాగరాజస్వామి ఫలానా కృతిని మొదటిసారి ఏ రోజున, ఎవరి ముందు పాడారో ఎవరైనా అడిగారా? ఆ కృతులు మనదాకా వచ్చింది తొలిసారి విన్నవాళ్ల వల్ల కాదు. రెండోసారి, మూడోసారి పాడిన వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యుల వల్ల. మన కాలంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు మూల రాగాలైన 72 మేళకర్తల్లోనూ కృతులు రాశారు. మహతి, లవంగి లాంటి రాగాలను నాలుగేసి స్వరాలతో కట్టారు. నాలుగు స్వరాలతో రాగమేమిటని పోట్లాడినవాళ్లూ ఉన్నారు. ఆ పోట్లాట సంగతి ఎలా ఉన్నా, ఆయన తిల్లానాలను ఇవాళ నాట్యం నేర్చుకునే పిల్లలు ఆయన పేరు కూడా తెలియకుండా ఆడేస్తున్నారు. ఒక స్వరకర్తకు ఇంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు ఫ్రాన్సులోని రోయాన్ అనే ఊరికి వెళ్దాం. 1977 ఏప్రిల్ 4. అక్కడ జరుగుతున్నది ప్రయోగాత్మక సంగీతానికి పేరుపడ్డ ఉత్సవం. పోలండ్‌కు చెందిన స్వరకర్త హెన్రిక్ గోరెట్స్కీ తన మూడో సింఫనీ, అంటే ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద కృతి, తెచ్చారు. ఈయన కూడా ఒకప్పుడు గరుకు గరుకు ప్రయోగాలు చేసినవాడే. తీరా చూస్తే తెచ్చింది దాదాపు గంటసేపు సాగే మూడు విలంబ గీతాలు, ఒక స్త్రీ గొంతు. మొదటిది పదిహేనో శతాబ్దం నాటి మేరీమాత శోకం. మూడోది యుద్ధంలో పోయిన కొడుకు కోసం వెతుక్కునే తల్లి జానపదం. నడుమ పాటకు మాటలెక్కడివంటే, 1944లో జకోపానె పట్టణంలో నాజీల రహస్య పోలీసుల చెరలో ఉన్న పద్దెనిమిదేళ్ల పిల్ల గోడ మీద గీరిన ప్రార్థన. "అమ్మా, ఏడవకు" అని మొదలవుతుంది. చివర్లో ఒకే స్వరగుచ్ఛం 21 సార్లు వచ్చేసరికి, ముందు వరసలో కూర్చున్న ఒక ఫ్రెంచి సంగీతకారుడు పైకే తిట్టాడని గోరెట్స్కీయే తర్వాత చెప్పుకున్నారు. విమర్శకులూ పెదవి విరిచారు.

అక్కడితో బీరువాలోకి పోవలసిన కృతే. పదిహేనేళ్ల తర్వాత, 1992లో, గాయని డాన్ అప్‌షా గొంతుతో లండన్ సిన్‌ఫొనియెట్టా అనే ఆర్కెస్ట్రా చేసిన రికార్డు వచ్చింది. అది రేడియోలో పదేపదే వినిపించసాగింది. కారు నడుపుతూ విన్నవాళ్లు పక్కకు ఆపుకుని పూర్తిగా విన్నారని చెప్పుకునేవారు. బ్రిటన్‌లో పాప్ ఆల్బమ్‌ల పట్టికలో ఆరో స్థానానికి ఎక్కింది, పది లక్షలకు పైగా అమ్ముడైంది. కృతిలో ఒక్క స్వరం కూడా మారలేదు.

బీరువా భయానికి ఇప్పుడు ఒక ఉపాయం కనిపెట్టారు. నాలుగైదు సంస్థలు కలిసి డబ్బు వేసుకుని ఒక కృతి రాయించుకుంటాయి, ఎవరి దేశంలో వారు "తొలిసారి" అని వేసుకుంటారు. ఫిన్లండ్‌కు చెందిన స్వరకర్త కాయా సారియాహో చివరి ఒపేరా, అంటే పాటల్లో నడిచే నాటకం, "ఇన్నోసెన్స్" అలాగే వచ్చింది. ఒక పెళ్లి విందు, దాని వెనక పదేళ్ల కిందటి స్కూలు కాల్పులు, తొమ్మిది భాషల మాటలు. 2020లో జరగాల్సిన తొలి ప్రదర్శన కోవిడ్ వల్ల ఆగి, 2021 జులైలో ఫ్రాన్సులోని ఎక్స్-అన్-ప్రొవాన్స్‌లో జరిగింది. తర్వాత హెల్సింకీ, లండన్, ఆమ్‌స్టర్‌డామ్, శాన్‌ఫ్రాన్సిస్కో. 2023 జూన్‌లో ఆవిడ కన్నుమూశారు, ఒపేరా మాత్రం ఊరి నుంచి ఊరికి నడుస్తూనే ఉంది. ఆవిడ తొలి ఒపేరాను 2016లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ అనే ఒపేరా థియేటర్లో వేసినప్పుడు, 1903 తర్వాత ఆ వేదిక మీద ఒక స్త్రీ రాసిన ఒపేరా వేయడం అదే మొదలు. నూట పదమూడేళ్లు! దీని మీదే ఇంకో ప్రసంగం పెట్టుకోవచ్చు.

అసలు నేను చెప్పాలని వచ్చింది అమెరికా స్వరకర్త ఫిలిప్ గ్లాస్ కథ. 1976 నవంబరులో ఆయన ఒపేరా "ఐన్‌స్టీన్ ఆన్ ది బీచ్" మెట్రోపాలిటన్‌లో హౌస్‌ఫుల్‌గా నడిచింది. నడిచాక మిగిలింది అప్పు. నలభై ఏళ్ల మనిషి మళ్లీ న్యూయార్క్ వీధుల్లో టాక్సీ తోలాడు. టాక్సీలో రాసి ఉన్న పేరు చూసి ఒకావిడ, మీకొక పెద్ద స్వరకర్త పేరుందే అందట. ఆ టాక్సీ మానిపించింది నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నుంచి వచ్చిన కబురు, మాకొక ఒపేరా రాసిపెట్టండని. ఆయన రాసిచ్చింది "సత్యాగ్రహ".

గ్లాస్‌కు మన సంగీతం కొత్త కాదు. అరవైల నడుమ పారిస్‌లో ఒక సినిమా కోసం సితార్ విద్వాంసుడు రవిశంకర్ సంగీతాన్ని ఫ్రెంచి వాద్యకారులకు స్వరలిపిలో రాసిపెట్టే పని చేశాడు. అలవాటు కొద్దీ గీతలు కొట్టి మాత్రల గుంపులు చేస్తే, పక్కనున్న తబలా విద్వాంసుడు అల్లా రఖా ఒప్పుకోడు. స్వరాలన్నీ సమానమే అంటాడు. విసుగెత్తి గీతలన్నీ తుడిచేసి చూస్తే అప్పుడు కనిపించింది, చిన్న చిన్న లెక్కలు చేరుతూ పెద్ద ఆవర్తం అవడం. గ్లాస్ శైలిలో ఒక పదబంధం వస్తుంది, మళ్లీ వస్తుంది, ఒక స్వరం చేరి వస్తుంది, ఇంకోటి చేరి వస్తుంది. మృదంగం తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు. ఏరులా పెరుగుతూ పోయే స్రోతోవహ యతి, ఆవు తోకలా తగ్గుతూ వచ్చే గోపుచ్ఛ యతి గురించి మీకు నేను వేరే చెప్పక్కర్లేదు.

1980 సెప్టెంబరు 5న రోటర్‌డామ్‌లో తొలి ప్రదర్శన. కథ గాంధీ దక్షిణాఫ్రికా రోజులది. మూడంకాలకూ ముగ్గురు మౌన సాక్షులు: టాల్‌స్టాయ్, రవీంద్రుడు, మార్టిన్ లూథర్ కింగ్. పాడే మాటలన్నీ భగవద్గీతవి, సంస్కృతంలోనే. ఇత్తడి బాకాలు లేవు, డప్పు లేదు, తంత్రీవాద్యాలు, పిల్లనగ్రోవి జాతి వాద్యాలు, ఒక ఆర్గన్. తెర లేవగానే గాంధీ ఒంటరిగా "యోత్స్యమానానవేక్షేఽహం" అని మొదలుపెడతాడు. ఉచ్చారణ మన వేదపాఠశాల పంతులుగారు వింటే నొచ్చుకునేలాగే ఉంటుంది, అది ఒప్పుకుంటాను. కానీ ఘంటసాల గారి గొంతులో తప్ప గీత వినని చెవులు మనవి. ఎక్కడైనా మైకులో గీత వినపడితే "ఎవరు పోయారు?" అని అడిగే దశకు దాన్ని తెచ్చుకున్నాం. రోటర్‌డామ్ గీతలో ఎవరూ పోలేదు. జనం ఒక నిర్ణయానికి వస్తున్నారు.

చివరి పాట నాల్గో అధ్యాయం నుంచి, "బహూని మే వ్యతీతాని జన్మాని" దగ్గర మొదలవుతుంది. గాంధీ ఎనిమిది స్వరాల మెట్లు కింది నుంచి పైకి ఎక్కుతాడు, అంతే. మళ్లీ కింది నుంచి. మొత్తం 30 సార్లు. మొదటిసారి హెడ్‌ఫోన్స్‌లో విన్నప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. స్వరస్థానాలు చూసుకుంటే అవి మన హనుమతోడి రాగం ఆరోహణవే. స్వరాన్ని ఊపే గమకం లేదు కాబట్టి తోడి అనకూడదు, తోడి ఎముకల గూడు అనండి. కానీ పదిహేనోసారి వచ్చేసరికి ఆ ఎముకలకు ఎక్కడి నుంచో కండ పడుతుంది. స్వరాలు అవే. మారింది వినే మనిషే అయి ఉండాలి.

ఈ ఒపేరాకు రెండో ప్రదర్శనలు దొరికాయి. లండన్‌లో 2007లో, న్యూయార్క్‌లో 2008లో. వాటన్నిటిలోకీ నాకు ఇష్టమైన ప్రదర్శన థియేటర్ లోపల జరిగింది కాదు. 2011 డిసెంబరు 1. మెట్రోపాలిటన్‌లో ఆ సీజన్‌కు ఆఖరి "సత్యాగ్రహ". బయట చలిలో, డబ్బున్నవాళ్ల పెత్తనం మీద తిరగబడ్డ వాల్‌స్ట్రీట్ ఆక్రమణ ఉద్యమకారులు, అడ్డంగా పోలీసు బారికేడ్లు. లోపల శాంతి సత్యాగ్రహం చూసి మెట్లు దిగుతున్న ప్రేక్షకులను ఇటు రండి, ఇటు రండి అని పిలుస్తున్నారు. డెబ్బై నాలుగేళ్ల గ్లాస్ వాళ్ల మధ్యకు వచ్చాడు. మైకు లేదు. ఆ ఉద్యమంలో ఒకరు ఒక ముక్క చెబితే చుట్టూ ఉన్నవాళ్లంతా గట్టిగా తిరిగి అనేవారు. మన భజనలో ముందుపాట, వెనకపాట ఉన్నట్టే. గ్లాస్ ఒపేరా చివరి మాటలు, ధర్మం క్షీణించినప్పుడల్లా అనే ఆ శ్లోకాల అర్థాన్ని, ఇంగ్లీషులో ముక్క ముక్కగా చెప్పాడు. జనం వెనకపాట అందుకున్నారు. మళ్లీ చెప్పాడు, మళ్లీ అన్నారు.

ఆ ఆఖరి పాట తెచ్చాను. బాబూ, ఫ్యాన్లు కొంచెం తగ్గించు, ఆ స్పీకర్ ఇటు తిప్పు. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలున్నాయి. తాళం వేయవలసిన పని లేదు. కావాలంటే 30 లెక్కపెట్టండి. నాకు మాత్రం ప్రతిసారీ పన్నెండు దాటాక లెక్క తప్పుతుంది.