క్రీమ్ రంగు సోఫా మీద పులిహోర

అందరికీ నమస్కారం. ఇవాళ లేత రంగు గుడ్డ సోఫాలను ఇంట్లోనే ఎలా శుభ్రం చేసుకోవాలో మాట్లాడుకుందాం. షాపులో చూసి ముచ్చటపడి కొన్న తెల్ల సోఫా ఏడాది తిరిగేసరికి చేతులు పెట్టుకునేచోట మట్టి రంగులోకి, తల ఆనించేచోట నూనె రంగులోకి మారిపోతే ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు. నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. చాలా సోఫాలు మరక వల్ల పాడవ్వవు. మరక చూడగానే మనం కంగారుపడి రుద్దిన రుద్దుడుకీ, పోసిన నీళ్ళకీ పాడవుతాయి.

మాది చెన్నై వేళచ్చేరిలో చిన్న ఫ్లాట్. దసరాకి బొమ్మల కొలువు పెట్టి పేరంటం చేస్తే, వచ్చినవాళ్ళ పాప చేతిలోంచి పులిహోర ప్లేటు జారి మా క్రీమ్ రంగు సోఫా మీద పడింది. పాప బిక్కమొహం వేసింది, వాళ్ళమ్మ నొచ్చుకుంది, నేనేమో ఫరవాలేదంటూనే వాళ్ళు వెళ్ళగానే బట్టల సబ్బు తెచ్చి గబగబా రుద్దేశాను. పసుపు మరక కాస్తా నా కళ్ళముందే ఇటుక రంగులోకి తిరిగింది. గుండె జారిపోయింది. మా అత్తయ్య వచ్చి చూసి, "కంగారు పడకమ్మా, సబ్బు తగిలి పారాణి అయింది, అంతే" అన్నారు.

ఆ ఒక్క మాటతో నాకు విషయం అర్థమైంది. పెళ్ళికూతురి కాళ్ళకు పారాణి ఎలా కలుపుతాం? పసుపులో సున్నం వేస్తే ఎర్రబడుతుంది. పసుపులో ఉండే కుర్కుమిన్ అనే రంగుకు క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది, పులుపు తగిలితే మళ్ళీ పసుపుపచ్చగా అవుతుంది. బట్టల సబ్బు, డిటర్జెంట్ పౌడరు, వంటసోడా, ఇవన్నీ క్షార గుణం ఉన్నవే. అందుకే సాంబారు పడినా పులిహోర పడినా మొదట వాటి జోలికి వెళ్ళకండి. ఇప్పటికే ఎర్రబడిపోయి ఉంటే, ఒక వంతు తెల్ల వెనిగర్‌కి రెండు వంతుల నీళ్ళు కలిపి, అందులో ముంచి పిండిన గుడ్డతో అద్దండి, ఎరుపు తగ్గుతుంది.

కుర్కుమిన్ నీళ్ళలో దాదాపు కరగదు. నూనెలో, స్పిరిట్‌లో కరుగుతుంది. పోపు నూనెతో కలిసి పడిన పసుపు ఎన్ని నీళ్ళతో తుడిచినా కదలకపోవడానికి కారణం అదే. కాబట్టి ముందు మెతుకుల్ని చెంచాతో ఎత్తి తీసేయండి. తర్వాత మొక్కజొన్న పిండి గానీ టాల్కమ్ పౌడరు గానీ మరక మీద మందంగా చల్లి ఓ ఇరవై నిమిషాలు వదిలేస్తే అది నూనెను పీల్చుకుంటుంది, ఆ పొడిని వాక్యూమ్‌తో లాగేయండి. అప్పుడు మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌ని తెల్ల నూలుగుడ్డ మీద కొంచెం వేసుకుని, అంచు నుంచి మధ్యకు వచ్చేలా అద్దండి. గుడ్డకు పసుపు అంటుకోవడం కనిపిస్తుంది, అంటుకున్నకొద్దీ గుడ్డలో శుభ్రంగా ఉన్నచోటికి మార్చుకుంటూ పోండి. కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో దీపం గానీ అగరొత్తి గానీ వెలుగుతూ ఉండకూడదు, స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది. ఇంకా లేత పసుపు మిగిలితే దిండును ఎండలో పెట్టండి. కుర్కుమిన్ ఎండకు నిలవదు. మా సోఫా దిండును మూడు రోజులు బాల్కనీలో పెట్టాం, నాలుగో రోజుకి మరక ఎక్కడుందో నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. చెన్నైలో మనకు దండిగా దొరికేదే ఎండ, దాన్ని వాడుకోకపోతే ఎలా?

ఇంకో మాట. దిండు కవర్‌కి జిప్ ఉందని తీసి మెషీన్‌లో వేసేయకండి. చాలా సోఫాల్లో ఆ జిప్ లోపల ఫోమ్ పెట్టడానికే. ఉతికితే కవర్ ముడుచుకుపోయి మళ్ళీ ఎక్కదు. దిండు కిందో సోఫా అడుగునో ఒక చిన్న ట్యాగ్ ఉందేమో చూడండి. దాని మీద డబ్ల్యూ అని ఉంటే నీళ్ళతో చేసే క్లీనర్లు వాడొచ్చు, ఎస్ అని ఉంటే నీళ్ళు తగలకూడదు, డ్రైక్లీనింగ్ తరహా సాల్వెంట్ మాత్రమే వాడాలి. డబ్ల్యూఎస్ అంటే రెండూ సరే, ఎక్స్ అంటే వాక్యూమ్ తప్ప ఇంకేమీ వద్దు. కార్పెంటర్ దగ్గర చేయించుకున్న సోఫాలకు ట్యాగ్ ఉండదు, అలాంటప్పుడు గోడవైపు ఉన్న భాగంలో రూపాయి బిళ్ళంత మేర రాసి, పూర్తిగా ఆరాక చూసి అప్పుడు ముందుకు వెళ్ళండి. స్పిరిట్ అయినా వెనిగర్ అయినా ఇంతే.

తల ఆనించేచోట జిడ్డు సంగతి. కొబ్బరినూనె దాదాపు ఇరవై నాలుగు డిగ్రీల కంటే చల్లబడితేనే గడ్డకడుతుంది, మన ఊళ్ళో దాదాపు ఎప్పుడూ కరిగే ఉంటుంది కాబట్టి తల నుంచి గుడ్డలోకి, గుడ్డ నుంచి ఫోమ్‌లోకి దిగిపోతూనే ఉంటుంది. పాతబడితే పచ్చబడి మొండికేస్తుంది. వారానికోసారి పౌడరు చల్లి తీసేస్తే అంతదాకా రాదు, ఒక తెల్ల తువ్వాలు పరిచి ఉంచితే మరీ మంచిది.

ఫిల్టర్ కాఫీ ఒలికితే వేడినీళ్ళు వాడకండి. కాఫీలో పాలున్నాయి, వేడి తగిలితే పాలలోని ప్రొటీన్ దారాలకు పట్టుకుంటుంది. ముందు పొడిగుడ్డతో ఒత్తి పీల్చేయాలి. తర్వాత చల్లటి నీళ్ళు, తర్వాత కాస్త డిష్‌వాష్ లిక్విడ్, చివర్లో కాఫీ రంగు మిగిలితే ఇందాక చెప్పిన వెనిగర్ నీళ్ళు.

మరకలు కాకుండా సోఫా మొత్తం మాసిపోయి ఉంటే, తడి తగలకముందే మూలమూలలా వాక్యూమ్ చేయండి, లేకపోతే లోపలి దుమ్ము బురదవుతుంది. రెండు కప్పుల నీళ్ళలో పావు చెంచా డిష్‌వాష్ లిక్విడ్ వేసి బాగా గిలకొట్టి, పైన వచ్చిన నురుగును మాత్రమే స్పాంజితో తీసుకుని రాయండి, కింది నీళ్ళు వద్దు. ఒక కుట్టు నుంచి ఇంకో కుట్టు దాకా ఆ ముక్క మొత్తం చేయాలి, మధ్యలో ఆపితే ఆపినచోట గీత పడుతుంది. తర్వాత మంచినీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో సబ్బు పూర్తిగా తీసేయండి. సబ్బు మిగిలితే దానికే కొత్త మురికి అంటుకుంటుంది. మంచినీళ్ళంటే బోరు నీళ్ళు కాదు. మన అపార్ట్‌మెంట్లలో వచ్చే ఉప్పునీళ్ళు ఆరాక తెల్లటి చారలు మిగులుస్తాయి, అవి చూసి సబ్బు పోలేదనుకుని మళ్ళీ తడుపుతాం. తాగే క్యాన్ నీళ్ళు ఒక చెంబెడు వాడండి, చాలు.

వీడియోల్లో వంటసోడా, వెనిగర్ కలిపి బుసబుసా పొంగించి చూపిస్తారు. ఆ రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళ లాంటిదే. సోడా విడిగా వాసన తీయడానికి బాగుంటుంది, పసుపు మరక లేనిచోట. బ్లీచింగ్ మాత్రం సోఫా దగ్గరికి తేవద్దు. గుడ్డ పచ్చబడుతుంది, పైగా బ్లీచ్‌లో వెనిగర్ కలిసిందంటే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ పనికి పొద్దున్నే దిగండి, అదీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడే రోజుల్లో కాకుండా. సముద్రపు గాలికి మామూలు రోజుల్లోనే ఇక్కడ ఏదీ త్వరగా ఆరదు. దిండ్లను నిలువుగా ఆనించి, ఫ్యాన్ పెట్టండి, ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో వేయండి. సాయంత్రానికి పైన పొడిగానే అనిపిస్తుంది గానీ నమ్మకండి, జిప్ కొంచెం తీసి లోపలికి చెయ్యి పోనిచ్చి ఫోమ్‌ను ఒత్తి చూడండి. చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే. ఇంకో పూట ఆగి అప్పుడు సోఫాలో పెట్టండి. ఉంటాను, నమస్కారం.