పేగు కాన్సర్, పెళ్లి సంబంధాలు, మళ్లీ ఆ టైలరమ్మ

అక్క: రికార్డవుతోందా? సరే. పేగు కాన్సర్ వచ్చినవాళ్లలో అది వంశంలో వచ్చిందేమో ఎలా చూస్తారన్నది ఈ వారం సంగతి. ముఖ్యంగా లించ్ సిండ్రోమ్, అంటే డీఎన్ఏ తప్పుల్ని సరిదిద్దే జీన్‌లో మార్పు వంశంలో వచ్చి కాన్సర్ ముప్పు పెంచడం.

తమ్ముడు: అయితే నీ టైలరమ్మ వస్తుంది.

అక్క: రాదా మరి! 1895లో మిషిగన్‌లో బట్టలు కుట్టుకునే ఆవిడ, మా ఇంట్లో అందరూ కాన్సర్‌తోనే పోతున్నారు, నేనూ అలాగే పోతానని డాక్టర్ వార్థిన్‌తో అంది. ఆయన విన్నాడు కాబట్టే ఈ లించ్ సంగతి...

తమ్ముడు: పరీక్ష చెప్పక్కా, లేకపోతే ఇది కూడా కొబ్బరికాయ ఎపిసోడ్‌లా పక్కదారి పడుతుంది.

అక్క: (నవ్వు) తీసిన గడ్డ ముక్క మీదే చేస్తారు, ఐహెచ్‌సీ అని, ముక్కకి రంగు పట్టించి, డీఎన్ఏ తప్పుల్ని సరిదిద్దే ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 ప్రొటీన్లు ఉన్నాయా లేవా అని. ఎంఎల్‌హెచ్1 లేకపోతే గడ్డలో బీఆర్ఏఎఫ్ అనే జీన్ మారిందా, మిథైలేషన్, అంటే రసాయన ముద్ర పడి ఎంఎల్‌హెచ్1 జీన్ ఆగిపోయిందా అని కూడా చూస్తారు, అవి పాజిటివ్ వస్తే చాలావరకు వంశానిది కాదు. అనుమానం మిగిలితే రక్తంతో జీన్ టెస్ట్. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే సంస్థ నైస్ 2017లోనే పేగు కాన్సర్ వచ్చిన అందరికీ చేయమంది.

తమ్ముడు: పేగు కాన్సర్ వచ్చినవాళ్లలో లించ్ ఉండేది నూటికి ముగ్గురికే, వాళ్ల కోసం అందరికీనా? ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగితే చాలదూ?

అక్క: మనవాళ్లు చెబుతారా? పెద్దమ్మ కడుపునొప్పితో పోయిందంటారు. గర్భసంచి కాన్సర్ అని ఒక్కరూ నోరెత్తరు, లించ్‌లో పేగు తర్వాత ఎక్కువ వచ్చేదేమో అదే. టైలరమ్మ పోయిందీ దాంతోనే!

తమ్ముడు: పెళ్లీడు పిల్లలున్న ఇంట్లో ఎలా చెబుతారు? సంబంధాలొస్తాయా?

అక్క: దాస్తే జీన్ పోతుందా? పిల్లల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం. ముందే తెలిస్తే జీన్‌ని బట్టి 25వ ఏటి నుంచో 35వ ఏటి నుంచో రెండేళ్లకోసారి కొలనోస్కోపీ, అదే కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే పరీక్ష, చేయించుకుంటారు. ఇక మేనరికాల్లో, అమ్మానాన్నలిద్దరికీ అదే మార్పు ఉండి బిడ్డకి రెండు వైపులా వచ్చిందంటే, చిన్నతనంలోనే మెదడులో గడ్డలు, రక్త కాన్సర్...

తమ్ముడు: మేనరికం ఎత్తకు. మా అమ్మానాన్నలది మేనరికమే.

అక్క: మీ ఇంటి గురించి అనలేదురా.

తమ్ముడు: తెలుసు. (కాసేపు మౌనం) మా మామయ్య నలభై దాటగానే పేగు కాన్సర్‌తోనే పోయాడు. ఆ రిపోర్టులో నీ నాలుగు పేర్లున్నాయో లేదో ఎవరు చూశారు?

అక్క: గడ్డ ముక్కల్ని మైనంలో పెట్టిన బ్లాకులు ల్యాబ్‌లో ఏళ్ల తరబడి దాస్తారు. అడిగి చూడండి, ఉంటే ఇప్పుడైనా చేయొచ్చు.

తమ్ముడు: ఫైలు అత్త దగ్గరుంది. అడిగితే మళ్లీ ఏడుస్తుంది.

అక్క: నేను మాట్లాడనా?

తమ్ముడు: నువ్వైతే ముందు టైలరమ్మ కథ మొదలుపెడతావు. నేనే చేస్తాలే. ఆపు, ఇదంతా రికార్డవుతోంది.