ఆ రాత్రే రాసిపెట్టండి
(కొత్తగా పీహెచ్‌డీలో చేరిన పరిశోధక విద్యార్థుల పరిచయ సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది నిన్ననే హాస్టల్ గదిలో సామాను దించుకున్నారు. కొందరు ఉద్యోగం మానుకుని వచ్చారు. చంటిపిల్లలను అమ్మ దగ్గర వదిలి వచ్చామని ఇద్దరు ఉదయం నాతో చెప్పారు. మీకు ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ ఐదారేళ్లలో మీరు చూసినది, విన్నది, చేస్తామని మీరు ఒప్పుకున్నది, మీకు ఇతరులు ఇచ్చిన మాట, ఏదైనా సరే ఆ రాత్రే రాసిపెట్టుకోండి. థీసిస్ అంటే, అదే మీ పరిశోధన గ్రంథం, చివరి ఏడాది తలుపు వేసుకుని రాసేది అనుకున్నవాళ్లు మధ్యలో ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ బాధపడ్డాను.

నా దగ్గర పనిచేసిన ఒక అమ్మాయి పోచంపల్లి ప్రాంతంలో చేనేత కుటుంబాల ఆదాయం మీద పరిశోధన మొదలుపెట్టింది. మొదటి విడతలో నలభై ఇళ్లు తిరిగి, పట్టిక తయారుచేసి తెచ్చింది. వృత్తి అనే గడిలో మగవాళ్ల ఎదురుగా ‘నేత’, ఆడవాళ్ల ఎదురుగా దాదాపు అన్ని ఇళ్లలోనూ ‘గృహిణి’. పట్టిక పక్కన పెట్టి, నీ నోటుపుస్తకం చూపించమ్మా అన్నాను. అందులో ఒక పుటలో పెన్సిలుతో నాలుగు వాక్యాలున్నాయి. “మాట్లాడుతున్నంతసేపూ ఆమె ఆసు పోస్తూనే ఉంది. ఈ కొసన ఒంటి మేకు, ఆ కొసన అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు, వాటి మధ్య దారం పట్టుకుని చెయ్యి తిరుగుతూనే ఉంది. ఒకసారి ఆగి భుజం నొక్కుకుంది. మళ్లీ మొదలుపెట్టింది.”

ఒక్క చీరకు ఆ చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. పేకను, అంటే మగ్గంలో అడ్డంగా వెళ్లే దారాన్ని, కట్టి రంగు అద్దాలంటే ముందు దాన్ని ఇలా మేకుల మీద ఆసు పోయాల్సిందే. అంత పని చేస్తున్న మనిషిని మా పట్టిక గృహిణి అన్నది. ఇంటి యజమాని ఏం చెబితే అది గడిలో నింపుకుని వచ్చాం మరి. ఆ నాలుగు వాక్యాలతో పరిశోధన ప్రశ్నే మారిపోయింది. ప్రశ్నావళి తిరగరాసుకుని ఆ అమ్మాయి అవే నలభై ఇళ్లకు మళ్లీ వెళ్లింది. ఎనిమిది నెలలు అదనంగా పట్టింది. రెండు రోజులు ఆగి రాసి ఉంటే ఆ భుజం నొక్కుకోవడం ఆ అమ్మాయికి గుర్తుండేది కాదు.

ప్రయోగశాలలో పనిచేసేవాళ్లకూ ఇదే మాట. ప్రయోగం చెడిపోయిన రోజున పుస్తకం మూసేయకండి, ఆ రోజే ఎక్కువ రాయండి. గ్రంథాలయంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం ఉంది, భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ పదాల సంపుటం. తీరిక చేసుకుని తిరగేయండి. రైతుల నోట విన్న మాటను విన్నట్టుగా, ఏ ప్రాంతపు మాటో గుర్తిస్తూ రాసిపెట్టారు. అందుకే అరవై ఏళ్లు దాటినా మేము ఆ పుస్తకం దగ్గరికే వెళుతున్నాం.

ఇక గైడు సంగతి. నేను స్కాలర్‌గా ఉన్న రోజుల్లో నా రెండో అధ్యాయం ఏడు నెలలు ఒక బల్ల మీద ఉండిపోయింది. అడగడానికి జంకాను. తీరా అడిగితే, నువ్వు ఇవ్వనేలేదు కదా అన్నారు. ఇచ్చానని చూపడానికి నా దగ్గర కాగితం ముక్క కూడా లేదు. ఆ సాయంత్రం హాస్టల్ మేడ మీద ఒక్కడినే కూర్చుని, ఊరికి వెళ్లిపోదామా అని ఆలోచించాను. మీలో ఎవరికీ ఆ సాయంత్రం రాకూడదు. గైడుతో మాట్లాడిన ప్రతిసారీ గదికి వెళ్లగానే నాలుగు వరుసల మెయిల్ పంపండి. ఏం మాట్లాడుకున్నాం, ఏం చేయమన్నారు, ఎప్పటికల్లా ఇస్తాను. మర్యాదగా రాయండి, కానీ తప్పకుండా రాయండి. ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది స్కాలర్ల దాకా ఉండవచ్చు. ఎవరికి ఏం చెప్పామో మాకూ గుర్తుండదు. నా స్కాలర్ల మెయిళ్లే నన్ను చాలాసార్లు గట్టెక్కించాయి.

2022 నవంబరులో యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, విడుదల చేసిన పీహెచ్‌డీ నిబంధనలు ఈ వారమే చదవండి. మీ హక్కులు అందులో ఉన్నాయి. కోర్సువర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మళ్లీ నమోదు చేసుకుంటే మరో రెండేళ్ల దాకా గడువు ఇవ్వవచ్చు. మహిళలకు, 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికి దానిపైన ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది. మహిళా స్కాలర్లకు పిల్లల కోసం 240 రోజుల దాకా సెలవు ఇవ్వవచ్చు. ఉదయం నాతో మాట్లాడిన ఇద్దరూ ఇది గుర్తుపెట్టుకోండి. ప్రతి సెమిస్టరులో సలహా సంఘం ముందు మీ పని చూపించాలి. అక్కడ వాళ్లు చెప్పినది కూడా రాతలోనే తీసుకోండి. ట్యుటోరియల్స్‌కు, ల్యాబుకు, పేపర్లు దిద్దడానికి వారానికి 4 నుంచి 6 గంటలు మిమ్మల్ని అడగవచ్చు. పాఠం చెప్పడం నేర్చుకునేది అక్కడే కనుక ఆ గంటలను ఇష్టంగా తీసుకోండి. గైడు ఇంటి కరెంటు బిల్లు కట్టడం, పిల్లల్ని బడి నుంచి తీసుకురావడం మాత్రం మీ పని కాదు. నేను గైడుల తరఫు మనిషిగానే ఈ మాట అంటున్నాను.

డబ్బు గురించి దాపరికం లేకుండా మాట్లాడుకుందాం. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, నెలకు 37,000, ఆ తర్వాతి దశ సీనియర్ ఫెలోషిప్ అయిన ఎస్ఆర్ఎఫ్ 42,000 రూపాయలు. అది లేనివారికి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి ఇస్తూ వచ్చినది 8,000. ఒకే బల్ల దగ్గర పక్కపక్కన కూర్చునే ఇద్దరి మధ్య ఇంత తేడా ఉండడం అన్యాయమని నా అభిప్రాయం. జేఆర్ఎఫ్ ఉన్నవాళ్లకైనా నెలనెలా విశ్వవిద్యాలయం ధ్రువీకరించి పంపితేనే డబ్బు వస్తుంది. ఏ తేదీన ఎవరి సంతకం కోసం వెళ్లారో రాసుకోండి. మెస్ బకాయి పెరిగితే సిగ్గుపడి భోజనం మానకండి, మా గదులకు రండి.

నకలు విషయంలో 2018 నిబంధనలున్నాయి. మీ థీసిస్‌కు ఇతరుల రాతలతో పోలిక 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. రోజూ సొంత మాటల్లో రాసుకునేవాళ్లకు ఆ భయం ఉండదు. దేశంలోని థీసిస్‌లను ఒకచోట చేర్చిన వెబ్‌సైటు శోధగంగలో లక్షల థీసిస్‌లు ఉన్నాయి, చదవండి. ఎవరి దగ్గర ఏం తీసుకున్నారో తీసుకున్నప్పుడే పేరుతో సహా రాయండి.

పేరు అన్నాను కనుక మళ్లీ పోచంపల్లికి వెళతాను. ఆ అమ్మాయి వైవా, అంటే థీసిస్ మీద మౌఖిక పరీక్ష, అందరూ రాగలిగే సభలో జరిగింది. ఆసు పోసిన ఆమె కూడా కొడుకుతో కలిసి వచ్చి వెనక వరుసలో కూర్చుంది. అయిపోయాక థీసిస్ చేతిలోకి తీసుకుని, తన మాటలున్న పుట చదివి పెట్టమని అడిగింది. మా అమ్మాయి చదివింది. “ఇది నేను చెప్పిన మాటే కదా బిడ్డా. నా పేరు ఎక్కడా లేదేమిటి?” అని అడిగింది ఆమె. సమాచారం ఇచ్చినవాళ్ల పేర్లు దాచాలన్నది మేము పెట్టుకున్న నియమం. దాచాలా అని ఆమెను మాత్రం ఎవరమూ అడగలేదు. ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు.

ఆ రాత్రి నేనూ నోటుపుస్తకం తీశాను. ఇప్పుడు మా విభాగం అంగీకార పత్రంలో ఒక వరుస కొత్తగా చేరింది: మీ పేరు రాయమంటారా, వద్దంటారా? మధ్యాహ్నం మీకు ఇచ్చే సంచిలో ఆ పత్రం ఉంటుంది, ఖాళీ నోటుపుస్తకం పక్కనే.