ఆ కట్టలు విప్పకండి

శ్రోతలకు నమస్కారం.

2012 జూలైలో లండన్‌లో గాంధీజీ ఉత్తరాలు వేలానికి రావాల్సింది. దక్షిణాఫ్రికాలో ఆయనకు ఆప్తుడైన వాస్తుశిల్పి హెర్మన్ కాలెన్‌బాక్ బంధువులు దాచుకున్న పత్రాలవి. వేలం జరగకముందే భారత ప్రభుత్వం వాటిని కొని, పాత పత్రాలను భద్రపరిచే ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌కు చేర్చింది. గాంధీజీ పేరుంది కాబట్టి అంత కదలిక వచ్చింది. పేరులేని వాళ్ల కాగితాల మాటేమిటి?

కరువు ఏడాది ఎంత శిస్తు వసూలైందో సర్కారు ఫైలు చెబుతుంది. ఆ శిస్తు కట్టడానికి ఏ నగ అమ్ముకున్నారో ఇంటి జమాఖర్చుల పుస్తకమే చెప్పాలి. అందుకే ఆర్కైవ్స్ వాళ్లు కుటుంబాల పత్రాలను కోరుకుంటారు. మన దేశంలో 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం ప్రకారం, చారిత్రక ప్రాముఖ్యం ఉన్న ప్రైవేటు పత్రాలను జాతీయ ఆర్కైవ్స్ దానంగానైనా, కొనుగోలు ద్వారానైనా తీసుకోవచ్చు.

ఇవ్వాలని నిర్ణయించుకున్న కుటుంబాలు, పాపం మంచి ఉద్దేశంతోనే, ముందు ఆ కాగితాలను సర్దడం మొదలుపెడతాయి. నన్ను బాగా బాధపెట్టేది ఇదే. పెద్దమనుషుల ఉత్తరాలు ఏరి పక్కన పెడతారు. రసీదులు పారేస్తారు. కవర్లు చించేస్తారు. ఉత్తరం మీద తేదీ లేకపోతే కవరు మీది పోస్టు ముద్రే కదా దిక్కు! ఒక కోర్టు నోటీసు, ఒక అప్పు పత్రం, ఒక పెళ్లి ఉత్తరం ఒకే దారంతో కట్టి ఉన్నాయంటే, కట్టినాయనకు ఆ మూడింటికీ ఏదో సంబంధం కనబడిందన్నమాట. తేదీలవారీగా పేర్చామంటే ఆ సంబంధం తెగిపోతుంది, మళ్లీ అతకదు. ఒకచోటి నుంచి వచ్చిన పత్రాలను ఇంకోచోటి వాటితో కలపకూడదని ఫ్రాన్స్ 1841లోనే నియమం పెట్టుకుంది. 1881లో జర్మనీలోని ప్రష్యా రాజ్యం మరో అడుగు వేసి, ఆ పత్రాలు తమలో తాము ఉన్న వరుసనూ చెదరగొట్టకూడదంది. ఇప్పటికీ ఆర్కైవ్స్ వృత్తికి పునాది ఆ రెండు సూత్రాలే.

చిరుగులకు టేపు అంటించకండి. దాని జిగురు పచ్చబడి కాగితంలోకి ఇంకిపోతుంది. లామినేషన్ అసలే వద్దు, వేడికి అతుక్కున్న ప్లాస్టిక్‌ను కాగితం పాడవకుండా తీయడం దాదాపు అసాధ్యం. ఏ కట్ట ఏ పెట్టెలో, ఏ అరలో దొరికిందో వేరే కాగితం మీద రాసి పెట్టండి చాలు. ఫోటోల్లో ఎవరెవరున్నారో ఇంట్లో పెద్దవాళ్లను ఇప్పుడే అడగండి. ఆ పేర్లు ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా రాయండి.

ఇక ఆర్కైవ్స్‌తో ఒప్పందం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ ఒప్పుకున్నాకే సంతకం పెట్టండి. బతికున్నవాళ్ల సొంత సంగతులు ఉన్న ఉత్తరాలను కొన్నేళ్లపాటు ఎవరికీ చూపించవద్దని షరతు పెట్టవచ్చు. ఉత్తరం మీ చేతిలో ఉన్నా, దాన్ని అచ్చువేసే హక్కు మామూలుగా రాసినవారిదీ, వారి వారసులదీ. ఆ సంగతీ మాట్లాడుకోండి. నకళ్లు మీకు ఇస్తారేమో అడగండి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆర్కైవ్స్ తనకు అక్కర్లేదనుకున్న కాగితాలను ఏం చేస్తుందో తెలుసుకోండి. తిరిగి ఇచ్చేయాలన్న మాట ఒప్పందంలో లేకపోతే, వాటిని పారేసినా మీరు అడగలేకపోవచ్చు.

నమస్కారం.