పాజ్ నొక్కండి, ఫ్రేములు లెక్కపెట్టండి: కార్టూన్‌తో గురుత్వాకర్షణ పాఠం

నమస్తే. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే సార్లకు, మేడమ్‌లకు, ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టి చదివించే అమ్మానాన్నలకు ఈ వీడియో. నేను హనుమకొండ నుంచి మాట్లాడుతున్నా. ఒక కార్టూన్ ముక్క, రెండు రూపాయి బిళ్లలు, ఒక టెన్నిస్ బంతి, ఒక ఫోన్. వీటితో తొమ్మిదో తరగతి గురుత్వాకర్షణ పాఠంలో వస్తువులు ఎట్లా పడతాయో చెప్దాం.

కార్టూన్లో సైన్స్ అంతా తప్పే కదా, అది చూపించి ఏం నేర్పుతారని అడిగేవాళ్లు ఉంటారు. తప్పు కాబట్టే చూపిస్తాను. సరైన బొమ్మ చూపిస్తే పిల్లలు తలూపి నోట్సు రాసుకుంటారు. తప్పు బొమ్మ చూపిస్తే కొట్లాటకు దిగుతారు. నాకు కావాల్సింది ఆ కొట్లాటే.

(తెర మీద: కొండ అంచు, గాలిలో ఆగిన జంతువు బొమ్మ)

రోడ్ రన్నర్ కార్టూన్ మీకు గుర్తుండే ఉంటుంది. 1949లో మొదలైంది. రోడ్ రన్నర్ అనే పక్షిని తరుముకుంటూ కొయోటీ, అంటే నక్కలాంటి జంతువు, కొండ అంచు దాటేస్తుంది. గాలిలో అట్లాగే నిలబడుతుంది. కిందికి చూస్తుంది. అప్పుడు పడుతుంది. మనకు ఇరవై సెకన్ల ముక్క చాలు, మొత్తం ఎపిసోడ్ వేయొద్దు. వేస్తే నవ్వులే మిగులుతాయి, పీరియడ్ అయిపోతుంది.

గాలిలో ఉన్నప్పుడు పాజ్ నొక్కండి. మీరేం చెప్పొద్దు. "నిజంగా అయితే ఇది ఏ దారిలో పడుతుంది? నోటుబుక్కులో గీయండి" అనండి, అంతే. కొందరు నేరుగా ముందుకు గీసి, అక్కడి నుంచి నిట్టనిలువుగా కిందికి దించుతారు. కొందరు ఏటవాలు గీత గీస్తారు. ఒకరిద్దరు వంపు తిప్పుతారు. వెనక బెంచీ నుంచి "సార్, అది కిందికి సూస్తెనే పడ్తది" అని ఒక గొంతు తప్పకుండా వస్తుంది. క్లాసంతా నవ్వుతుంది. మీరు మాత్రం ఆ మాటను వదలొద్దు. "చూడకపోతే పడదా?" అని తిరిగి అడగండి.

ముందుకు పోయి పోయి, ఊపు అయిపోయాక పడుతుందని గీసిన పిల్లల్ని కూడా తక్కువ చేయకండి. గెలీలియోకు ముందు ఫిరంగి గుండు గురించి పండితులు నమ్మింది ఇంచుమించు అదే. ముందుకు పోవడం, కిందికి పడటం రెండూ ఒకేసారి జరుగుతాయని, ఆ దారి పరావలయం అనే వంపు గీత అని ఆయన 1638లో అచ్చయిన పుస్తకంలో చూపించాడు.

ఇప్పుడు బిళ్లలు. చూడండి, స్కేలును బల్ల అంచున వాలుగా, సగం లోపల, సగం బయట పెట్టాను. బయటి సగం మీద ఒక బిళ్ల. బల్ల మీద, స్కేలుకూ అంచుకూ మధ్య ఇరుకు మూలలో, స్కేలుకు ఆనించి ఇంకో బిళ్ల. లోపలి కొనను వేలితో నొక్కి పట్టుకుని, బయటి కొనను రెండో బిళ్ల వైపు టక్కున కొట్టాలి. స్కేలు మీది బిళ్ల ఉన్నచోటే కిందికి జారుతుంది, పక్కది దూరంగా ఎగురుతుంది. కొట్టేముందు పిల్లల్ని కళ్లు మూసుకుని వినమనండి. టప్‌మని ఒకటే చప్పుడు. ముందుకు దూకినంత మాత్రాన పడటం ఆలస్యం కాదు. ఇది చెవులతో విన్నాక ఇక మీరు వాదించక్కర్లేదు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, ఫ్రేములు. మన టీవీలో సెకనుకు 25 బొమ్మలు, అంటే ఫ్రేములు, వస్తాయి, సినిమాకు 24. పాత చేతిగీత కార్టూన్లలో చాలాసార్లు ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు ఉంచేవారు. అంటే సెకనుకు 12 బొమ్మలు గీస్తే సరిపోయేది. కంప్యూటర్లో యూట్యూబ్ వీడియోను ఆపి, ఫుల్‌స్టాప్ కీ నొక్కితే ఒక్కో ఫ్రేమే ముందుకు పోతుంది. కామా నొక్కితే వెనక్కి వస్తుంది. డౌన్‌లోడ్ చేసిన ఫైలైతే వీఎల్‌సీ ప్లేయర్‌లో ఇంగ్లీష్ 'ఈ' కీ. కొయోటీ గాలిలో ఎన్ని ఫ్రేములు నిలబడిందో పిల్లలతో లెక్కపెట్టించండి. 24 వచ్చిందనుకోండి, ఒక సెకను. ఆ ఒక్క సెకనులో అది అప్పటికే 4.9 మీటర్లు పడిపోయి ఉండాలి. 48 వస్తే 19.6 మీటర్లు, ఆరంతస్తుల బిల్డింగ్ అంత. కిందికి చూసే తీరికెక్కడిది?

ఈ 4.9 నేను చెప్తే నమ్మడం కాదు, పిల్లలే తీయాలి. బడి గోడ మీద చాక్‌పీసుతో పది సెంటీమీటర్లకు ఒక గీత గీయించండి. ఒకరు బంతిని పై గీత దగ్గర పట్టుకుని వదలాలి. వదలాలి అంతే, తొయ్యొద్దు. ఇంకొకరు ఫోన్లో వీడియో తీయాలి. మామూలు ఫోన్ సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది, కాబట్టి మూడు ఫ్రేములంటే సెకనులో పదో వంతు. మూడేసి ఫ్రేములకు బంతి ఎక్కడుందో రాసుకోండి. 5 సెంటీమీటర్లు, 20, 44, 78, 122. దాదాపు ఇవే వస్తాయి.

(తెర మీద: గోడ, గీతలు, అయిదు చోట్ల బంతి)

ఇప్పుడు ఒకదాంట్లోంచి ఒకటి తీసేయమనండి. 5, 15, 24, 34, 44. కొలతలో కొంచెం అటూ ఇటూ ఉన్నా, 1, 3, 5, 7, 9 వంతులు కనిపిస్తాయి. ఈ బేసి సంఖ్యల వరుసను గెలీలియో కనిపెట్టింది ఏటవాలు పలక మీద గుండ్లు దొర్లించి. ఆయన దగ్గర ఫోన్ లేదు కాబట్టి పడటాన్నే నెమ్మది చేయాల్సి వచ్చింది. పడే వేగం సెకను సెకనుకూ 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుందని, అందులో సగమే ఆ 4.9 అని బోర్డు మీద రాయాల్సింది ఇక్కడ, ఇంతకుముందు కాదు. ఆరో తరగతి పిల్లలైతే అదీ వద్దు, గీతల మధ్య దూరం పెరుగుతోందని చూస్తే చాలు.

కోవిడ్ అప్పుడు, 2020 సెప్టెంబరు 1 నుంచి, తెలంగాణ ప్రభుత్వ చదువుల చానల్ టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చాయి. మంచి పనే. కానీ టీవీ పాఠం పిల్లవాడి కోసం ఆగదు. అందుకే ఇంతసేపూ పాజ్, పాజ్ అంటున్నా.

ఇదే పద్ధతి తేలియాడే వస్తువుల పాఠానికీ పనికొస్తుంది. కార్టూన్లో ఇటుక నీళ్లలో పడే చోట ఆపండి. మునుగుతుందని అందరూ చేయెత్తుతారు. అప్పుడు మన పాలంపేట రామప్ప గుడి గురించి చెప్పండి. 1213 నాటి ఆ గుడి గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలుతాయి. లోపలంతా సన్నని రంధ్రాలు, నీటికన్నా తక్కువ సాంద్రత. దాని వీడియో చూపించండి చాలు, టూరుకు పోయినప్పుడు ఇటుక ముక్క ఏరుకు రమ్మనకండి, అది యునెస్కో గుర్తించిన కట్టడం.

హైదరాబాద్‌లో తయారయ్యే ఛోటా భీమ్ కార్టూన్లో లడ్డూ తినగానే భీమ్‌కు బలం వచ్చేస్తుంది, అదీ మంచి లెక్కే. లడ్డూలో 150 కిలోకెలోరీలు అనుకుందాం. ఒంటికి అందులో నాలుగో వంతే పనికొచ్చినా, 25 కిలోల బియ్యం బస్తాను మీటరు ఎత్తుకు ఆరు వందల సార్లకు పైగా లేపొచ్చు. శక్తి ఉంది, సరే. మరి తిన్న సెకనుకే ఎట్లా వచ్చింది? అరగడానికి గంటలు పడుతుంది కదా! సామర్థ్యం, అంటే సెకనుకు ఎంత శక్తి వాడామన్నది, ఆ మాట అక్కడి నుంచి ఎత్తుకోండి.

ఇక మీరు చేసేటప్పుడు వచ్చే ఇబ్బందులు. బంతి గుండ్రంగా కాకుండా సాగిన గీతలా కనిపిస్తే వెలుతురు తక్కువైందని అర్థం, గది వదిలి ఎండ పడే గోడ దగ్గరికి వెళ్లండి. ఫోన్ గోడకు మరీ దగ్గరగా పెడితే పై గీతలు, కింది గీతలు వాలుగా కనిపించి లెక్క తప్పుతుంది. మూడు మీటర్లు వెనక్కి, బంతి పడే ఎత్తుకు నడుమ, స్టూలు మీద ఆనించి పెట్టండి. బంతి గోడకు దాదాపు రాసుకుంటూ పడాలి. మొదటి అంకె 5కు బదులు 3 వచ్చినా, 8 వచ్చినా కంగారు పడొద్దు. చేయి వదిలిన క్షణం రెండు ఫ్రేముల మధ్యలో పడి ఉంటుంది.