కందనకాయ వేపుడు, మోవా పక్షి: మా డ్యునెడిన్ శనివారం

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ఇక్కడ న్యూజిలాండ్‌లో, మా డ్యునెడిన్‌లో శనివారం పొద్దున. బయట ఎప్పట్లాగే తుంపర. ఇవాళ కందనకాయ వేపుడు చేస్తున్నా. ఇక్కడ షాపులో కొన్నవి ముందే చీల్చి, లోపలి పసుపు పొర ఒలిచేసి, ట్రేలో పేర్చి ఉంటాయి. పని తక్కువే గానీ నాకేదో వెలితిగా ఉంటుంది. చిన్నప్పుడు నరసరావుపేటలో అమ్మ నాటుకోడి కందనకాయని కత్తిపీట మీద పెట్టి కోస్తే, లోపల నలిగిన నూకలతో పాటు చిన్న చిన్న రాళ్లు ఉండేవి. కడిగితే నున్నగా, మెరుస్తూ. "కోడికి పళ్లు లేవు కదే, ఇదే దాని తిరగలి" అనేది అమ్మ.

పోయిన వారం ఒటాగో మ్యూజియంలో మోవా ఎముకల గూళ్ల ముందు నిలబడితే అదే మాట గుర్తొచ్చింది. మోవా అంటే ఒకప్పుడు ఈ దేశంలో తిరిగిన ఎగరలేని పక్షి. 9 జాతులు ఉండేవట. అన్నిటికన్నా పెద్దవాటిలో ఆడపక్షి మెడ పైకి చాపితే మూడున్నర మీటర్లు, బరువు 200 కిలోల పైనే. మగది అందులో సగం బరువు కూడా ఉండదు. మావారు అక్కడే నా వైపు చూసి నవ్వారు, ఆ సంగతి వదిలేయండి. మా బుడ్డోడు మాత్రం గూడు చుట్టూ రెండుసార్లు తిరిగి "మమ్మీ, రెక్కలేవి?" అన్నాడు. లేవు. ఇక్కడి కివి పక్షికైనా చిన్న మొలకల్లాంటివి ఉంటాయి, దీనికి ఆ ఎముకలే లేవు. వెంటనే రెండో ప్రశ్న: "మరి ఇది ఏం తినేది?"

దీనికి జవాబు మన కందనకాయలోనే ఉందండీ. మోవాకీ పళ్లు లేవు, కాబట్టి అదీ రాళ్లు మింగేది. పెద్ద మోవా కడుపులో కిలోలకొద్దీ రాళ్లు, కొన్నయితే నా బొటనవేలి కన్నా పెద్దవి. ఉత్తర కాంటర్‌బరీలో పిరమిడ్ వ్యాలీ అనే చిత్తడి నేల ఉంది. పాపం, అక్కడ బురదలో దిగబడిపోయిన మోవాలకు రాళ్లతో పాటు ఆఖరి భోజనం కూడా చెడకుండా మిగిలింది. చూస్తే ఆకులు, గింజలు, ఇంకా ముక్కుతో కత్తిరించిన సన్నటి పుల్లలు! పుల్లలు నమిలి అరిగించుకోవాలంటే తిరగలి గట్టిదే కావాలి మరి.

అలాగని ఎప్పుడూ చెట్ల కొమ్మలే తినేది అనుకోకండి. ఇక్కడికి లోపలి వైపు సెంట్రల్ ఒటాగో వెళ్తే వాన చాలా తక్కువ, మన అనంతపురం గుర్తొస్తుంది. అక్కడ రాతి చూర్ల కింద వందల ఏళ్ల నాటి మోవా రెట్టలు ఎండి అలాగే ఉన్నాయి. కొన్ని 15 సెంటీమీటర్ల పొడవు. శాస్త్రవేత్తలు వాటిని విడదీసి, గింజలు ఏరి, డీఎన్‌ఏ కూడా చూశారు. తేలిందేమిటంటే, అందులోని మొక్కల్లో సగానికి పైగా 30 సెంటీమీటర్ల ఎత్తు కూడా లేనివే. అంత మెడ వేసుకుని మోకాళ్లెత్తు కూడా లేని పచ్చిక ఏరుకు తినేదన్నమాట! తర్వాత దొరికిన రెట్టల్లో పుట్టగొడుగుల ఆనవాళ్లూ ఉన్నాయి.

మ్యూజియం నుంచి బొటానిక్ గార్డెన్‌కి వెళ్లాం. అక్కడ లాన్స్‌వుడ్ అనే చెట్టు చూపిస్తా. ఇక్కడి మూలవాసులైన మావోరీల భాషలో హొరోఎకా. లేత చెట్టు చూడండి, గుడ్డ చిరిగిపోయి ఊచలు మిగిలిన గొడుగులా ఉంది. ఆకు చేయంత పొడవు, వేలెడు వెడల్పు కూడా లేదు, అంచుల్లో రంపం పళ్లు, మధ్యలో నారింజ రంగు ఈనె. వంచితే వంగదు, వేలికి గుచ్చుకుంటుంది. పక్కనే ముదురు చెట్టు చూస్తే మామూలు పచ్చటి ఆకులు. దాదాపు మూడు మీటర్లు, అంటే చాలా మోవాల ముక్కుకి అందనంత ఎత్తు పెరిగాక చెట్టు వేషం మార్చేస్తుంది. ఇది మోవాల నుంచి కాపాడుకోవడానికే అని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. ఇక్కడికి దూరంగా సముద్రంలో ఉన్న చాతమ్ దీవుల్లో మోవాలు లేవు. అక్కడి లాన్స్‌వుడ్‌కి ఈ వేషాలూ లేవు. నాకైతే ఈ లాజిక్ భలే నచ్చింది.

మావోరీలు ఇక్కడికి వచ్చిన 200 ఏళ్లు తిరక్కుండానే మోవాలు అంతరించాయి. వేటాడి తినేశారు, గుడ్లు కూడా. ఆ సంగతి ఈ లేత చెట్టుకి ఎవరూ చెప్పినట్టు లేదు.

సరే, కుక్కర్ నాలుగు విజిల్స్ వేసింది. ఇప్పుడు మూకుడులో నూనె పోసి ఉల్లిపాయలు వేయించుతున్నా. నిన్న అమ్మకి వీడియో కాల్‌లో మోవా ఫోటో చూపించా. కాసేపు చూసి, "అంత కోడికి కందనకాయ ఎంతుంటుందే? మన వీధి మొత్తానికీ వచ్చేది" అంది. మళ్లీ తనే, "కానీ ఆ రాళ్లు కడిగేసరికి నా నడుం పోయేది!"