పార్కు తాళం ఎవరి దగ్గరుంది?

హోస్ట్: నమస్తే అందరికీ. ఈసారి పార్కుల ముచ్చట. మహబూబ్‌నగర్‌లో వార్డు మహిళా కమిటీలో పనిచేసిన ఒక అక్క మనతో ఉన్నారు. పేరు వద్దన్నారు, అందుకే అక్కా అనే పిలుస్తాను. నమస్తే అక్కా.

అక్క: నమస్తే తమ్మీ. పేరు చెప్తే రేపు కాలనీలో కరెంటు పోయినా నాకే ఫోన్ చేస్తారు. (నవ్వు)

హోస్ట్: అసలీ కమిటీ ఏంటో చెప్పండి. చాలామందికి కౌన్సిలర్ తెలుసు, కమిషనర్ తెలుసు. కమిటీ సంగతి తెలియదు.

అక్క: 2019 తెలంగాణ మున్సిపల్ చట్టంలోనే ఉంది. ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు. ఒక్కోదాంట్లో 15 మంది. అంటే వార్డుకు 60 మంది.

హోస్ట్: అరవై మందా! మా వార్డులో ఆరుగురిని కూడా చూసినట్టు లేదక్కా.

అక్క: చాలాచోట్ల కాగితం మీదే ఉన్నారు. 2020 ఫిబ్రవరిలో పట్టణ ప్రగతి అని ఊళ్లు బాగుచేసే సర్కారు కార్యక్రమం మొదలైనప్పుడు పది రోజులు అందరూ తిరిగారు, ఫొటోలు దిగారు. తర్వాత ఎవరిళ్లల్లో వాళ్లు. మాలాగా పట్టుకుని కూర్చున్నవాళ్లు కొందరే.

హోస్ట్: మీకు అధికారం ఏముంటుంది?

అక్క: ఏమీ ఉండదు. బిల్లు పాస్ చేయలేం, టెండర్ ఆపలేం. సలహా ఇస్తాం, వింటే వింటారు. మొదట్లో నాకూ విసుగొచ్చింది, ఈ మాత్రానికి మీటింగ్ ఎందుకని. కానీ పార్కులో జరిగే చాలా తప్పులు, ముందు అడిగేవాళ్లు లేక జరిగేవే తమ్మీ.

హోస్ట్: ఒకటి చెప్పండి.

అక్క: ఓపెన్ జిమ్. మా పార్కులో తెచ్చి సరిగ్గా ఎండ కొట్టే మూలన బిగించారు. మే నెలలో పొద్దున తొమ్మిదికే ఆ ఇనుము ముట్టుకోలేం. పది అడుగుల అవతలే కానుగ చెట్ల నీడ ఉంది! సైట్ చూడ్డానికి వచ్చిన రోజు కమిటీలో ఒక్కరిని పిలిచి అడిగితే చెప్పేవాళ్లం. ఇంకోటి, ఉయ్యాల. కింద సిమెంటు గచ్చు పోశారు. పిల్ల పడితే మోచిప్ప పగలాల్సిందే. ఇసుక పోయించండని మేం రాసిస్తే, గచ్చు తవ్వించి ఇసుక పోశారు. డబ్బు రెండుసార్లు ఖర్చయింది.

హోస్ట్: మరి టైటిల్‌లో తాళం అని పెట్టాం కదా, అదేంటి?

అక్క: అబ్బో, ఆ తాళం పంచాయితీ పెద్దది. పొద్దున ఐదున్నరకు గేటు తీసి తొమ్మిదికి మూసేసేవాళ్లు. మళ్లీ సాయంత్రం ఐదున్నరకు. ఆ టైమ్ ఎవరికి పనికొస్తుంది? వాకింగ్ చేసే మగవాళ్లకు. ఆడవాళ్లకు పొద్దున వంట, పిల్లల స్కూల్ బస్సు. మాకు తీరిక దొరికేది పదకొండుకో నాలుగుకో. అప్పుడు గేటుకు తాళం. వాచ్‌మన్‌ను అడిగితే పైనుంచి ఆర్డర్ అంటాడు. పైన అడిగితే అలాంటి ఆర్డరే లేదు! ఎవరో ఎప్పుడో పెట్టిన అలవాటు. మహిళా కమిటీ అంతా సంతకాలు పెట్టి ఇచ్చాక నాలుగింటికే తీస్తున్నారు. లైటు కూడా అంతే. స్తంభం వేశారు, చెట్టు పెరిగి కొమ్మల్లో కలిసిపోయింది. కింద మొత్తం చీకటి. ఏడు దాటితే ఆ మలుపు వైపు ఏ ఆడపిల్లా వెళ్లదు. ఇంజనీర్ పగలొస్తాడు, ఆయనకు చీకటి ఎలా కనిపిస్తుంది?

హోస్ట్: మా అన్న కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడ చాలా ఊళ్లలో పార్కులకే ప్రత్యేకంగా సలహా కమిషన్లు ఉంటాయట. సిటీ కౌన్సిల్ మామూలు జనంలోంచి సభ్యుల్ని వేస్తుంది. వాళ్లదీ సలహానే, నిర్ణయం కౌన్సిల్‌దే.

అక్క: మరి వాళ్ల మాట ఎట్లా వింటున్నారు?

హోస్ట్: బ్రౌన్ యాక్ట్ అని 1953 నాటి చట్టం ఉంది. మామూలు మీటింగ్ అయితే 72 గంటల ముందే ఎజెండా జనానికి కనపడేలా పెట్టాలి. ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. అమెరికాలోనే మినియాపొలిస్ అనే ఇంకో నగరంలో అయితే ఇంకో అడుగు ముందుకేశారు. 1883 నుంచే పార్కులకు విడిగా బోర్డు ఉంది, దానికి జనమే ఓటేసి ఎన్నుకుంటారు.

అక్క: పార్కుకు ఎలక్షనా! మనకొద్దు తమ్మీ, అక్కడా ఫ్లెక్సీలు కడతారు. కానీ ఆ 72 గంటల ముచ్చట నాకు నచ్చింది. మనకు పొద్దున పదింటికి ఫోన్ చేసి పదకొండుకు మీటింగ్ అంటారు. పొయ్యి మీద పప్పు వదిలేసి ఎవరొస్తారు? వచ్చినా ఏం మాట్లాడాలో తెలియదు, సంతకం పెట్టి చాయ్ తాగి వచ్చేయడమే.

హోస్ట్: మొక్కల సంగతి? హరితహారం కింద చాలా నాటారు కదా.

అక్క: చట్టంలో బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే పెట్టాలని ఉంది. నాటినవాటిలో 85 శాతం బతకాలనీ ఉంది. డబ్బు లేదనే మాట అంత సులభంగా చెల్లదన్నమాట. ఏ మొక్క అన్నదే అసలు ప్రశ్న. అప్పట్లో ఎక్కడ చూసినా కోనోకార్పస్. త్వరగా పెరుగుతుంది, పచ్చగా కనిపిస్తుంది. తర్వాత ఎలర్జీ, పైపుల్లోకి వేర్లు అంటూ గొడవలయ్యాయి, నాటడం ఆపమన్నారు. మా వయోవృద్ధుల కమిటీ మొదటి నుంచీ వేప, రావి, కానుగ అనే అంటోంది. మన పాత మర్రిచెట్టు పిల్లలమర్రికి కొమ్మ విరిగితే సెలైన్ ఎక్కించిన ఊరు మనది, చెట్టు విలువ మనకొకరు చెప్పాలా?

హోస్ట్: పెద్దవాళ్ల కమిటీతో ఇంకేమైనా లాభం ఉందా?

అక్క: స్థలాల జ్ఞాపకం! లేఅవుట్‌లో ఓపెన్ ప్లేస్ వదిలి మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్ చేయాలి కదా, అంటే ఆ జాగా రాసిచ్చేయాలి. చేశారా, చేస్తే ఎక్కడ, దాంట్లో ఇప్పుడు ఎవరి రేకుల షెడ్డు ఉంది? ఇవన్నీ ముప్పై ఏళ్ల నుంచి అక్కడే ఉన్న తాతకే తెలుస్తాయి. మా కాలనీలో ఒకాయన పాత లేఅవుట్ జిరాక్సు ప్లాస్టిక్ కవర్లో దాచుకున్నాడు. ఆ ఒక్క కాగితంతో ఒక ఖాళీ జాగా మిగిలింది.

హోస్ట్: 2025 జనవరిలో కౌన్సిళ్ల గడువు అయిపోయి, వాటి బదులు స్పెషల్ ఆఫీసర్లు వచ్చారు. అప్పుడు ఎవరికి చెప్పుకున్నారు?

అక్క: అప్పుడే ఎక్కువ కష్టమైంది. కౌన్సిలర్ ఉంటే కనీసం పెళ్లిలోనో బోనాల్లోనో దొరికేవాడు. ఆఫీసర్‌కు వంద పనులు. సోమవారం జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి నంబర్ రాయించుకున్నాం. కాగితం ఉంటే అడగొచ్చు, నోటిమాట గాల్లో పోతుంది.

హోస్ట్: కొత్తగా కమిటీలో చేరేవాళ్లకు ఒక మాట?

అక్క: సలహా ఏప్రిల్‌లో ఇవ్వకండి, బడ్జెట్ అప్పటికే అయిపోతుంది. దసరా, దీపావళి దాటగానే రాసివ్వండి. రాసేది కూడా 'పార్కు బాగు చేయండి' అని కాదు. ఏ గేటు, ఏ స్తంభం, ఎన్ని బెంచీలు, ఫొటోతో సహా. ఇప్పుడు మాకు క్రికెట్ పంచాయితీ నడుస్తోంది. ముసలాయన మోకాలికి బాల్ తగిలింది, యువత కమిటీ వాళ్లేమో మాకు వేరే గ్రౌండ్ ఏదంటున్నారు.

హోస్ట్: ఎవరిది న్యాయం?

అక్క: ఇద్దరిదీ. వచ్చే మీటింగ్‌కు రా, నువ్వే తేల్చు.